ఆముదం రాసిన అద్దం

మొన్న రాజమండ్రిలో మోటారు కార్లు బాగుచేసే షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే ఇద్దరు పనివాళ్ళు నన్ను ఆపారు. నేను ఒకప్పుడు రైలింజన్ల దగ్గర పనిచేశానని వాళ్ళకి ఎవరో చెప్పారట. కారు ముందు అద్దానికి కంకర రాయి తగిలి చిన్న పెచ్చు లేచింది, పూడ్చే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది, చెప్పాను. ఆ పెచ్చు చుట్టూ అద్దమంతా సన్నగా గరుకు తేలి ఉంది. దాని సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. అడగలేదు కదా అని ఊరుకోవడం నాకు పాత జబ్బు. ఈ వయసులోనూ అది వదల్లేదని తెలిసి నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఇద్దరే చదవాలని లేదు, అద్దాలతో పనున్న చిన్నవాళ్ళు ఎవరు చదివినా నాకు సంతోషమే.

మా వైపు రైలు కొత్తగా వచ్చిన రోజులవి. గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్నారు. నేను సామర్లకోట ఇంజను షెడ్డులో ఫిట్టరుని. మా వాళ్ళు కాకినాడ దగ్గర సముద్రం మీద వేట చేసుకుని బతికేవాళ్ళు. మా నాన్నకి వేట కన్నా పడవలు బాగుచేయడంలో పేరు ఎక్కువ. పలకల సందుల్లో గుగ్గిలం కరిగించి పోశాడంటే చుక్క నీరు లోపలికి వచ్చేది కాదు. ఆ విద్యని నేను షెడ్డుకి తెచ్చాను. తెచ్చినందుకు చాలాకాలం గర్వపడ్డాను కూడా.

ఇంజను నడిపే మనిషికి ఎదురుగా ఇనుప గోడ ఉంటుంది. అందులో ఇత్తడి చట్రాలతో గుండ్రటి అద్దాలు రెండు. దారిని చూడటానికి అవే కిటికీలు. పట్టాల మధ్య నుంచి ఎగిరిన కంకర, పొగగొట్టంలోంచి పడే బొగ్గు నిప్పులు రోజంతా ఆ అద్దాలని కొడుతూనే ఉంటాయి. పెద్ద రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే వేడికీ వానకీ అక్కడి నుంచి చీలిక పాకి అద్దం రెండు ముక్కలవుతుంది. నేను ఆ పెచ్చుని కుంకుడు నురగతో కడిగి, బాగా ఆరబెట్టి, తేట గుగ్గిలాన్ని కరిగించి ఒక్క చుక్క వేసి, చల్లారాక చాకు అంచుతో గీకి చదును చేసేవాణ్ణి. చీలిక అక్కడితో ఆగేది. నా చేతి పని చూసి షెడ్డులో నాకు ‘గాజులశెట్టి’ అని పేరు పెట్టారు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే విసుక్కున్నట్టు నటించేవాణ్ణి, లోపల బాగానే ఉండేది.

కొత్త అద్దం కావాలంటే స్టోరు గుమస్తా దగ్గరికి వెళ్ళాలి. ఆయన పాత అద్దం ముక్కలు చూపిస్తే తప్ప కొత్తది తీసేవాడు కాదు. పగలని అద్దానికి బదులు ఇవ్వడం ఆయన ధర్మశాస్త్రంలో లేదు. నేను చేరిన ఏడాదిలో ఆయన దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మా మేస్త్రీగారు పది మందిలో ఆ మాట చెప్పి నన్ను మెచ్చుకునేవారు.

ఇక ఆ డ్రైవరుగారి గురించి చెప్పాలి. కడియం దగ్గర కాలవ గట్టు ఊళ్ళో వ్యవసాయం చేసుకునే కుటుంబం ఆయనది. అన్నదమ్ములు భూమి దున్నుకుంటుంటే ఈయన ఇంజను చూసి మోజుపడి వచ్చేశాడు. బొగ్గు వేసే పనితో మొదలుపెట్టి, వంతెనకి రాళ్ళు మోసే గూడ్సు బండికి డ్రైవరయ్యాడు. అప్పట్లో డ్రైవర్లు దాదాపు అందరూ దొరలే. మనవాళ్ళలో ఇంజను పగ్గం చేతికొచ్చినవాడు మా షెడ్డులో ఆయన ఒక్కడే. ఆయన ఏ చిన్న తప్పు చేసినా ‘వీళ్ళ చేతికి ఇంజను ఇస్తే ఇంతే’ అనడానికి కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. కల్లు ముట్టేవాడు కాదు, పేకాటకి కూర్చునేవాడు కాదు, బండి ఎక్కే ముందు రాత్రి పెందలాడే పడుకునేవాడు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు.

ఆ ఏడు మాఘమాసం దాటాక ఒకరోజు బండి దిగి నా దగ్గరికి వచ్చాడు.

“తమ్ముడూ, నా వైపు అద్దం ఒకసారి చూడవయ్యా. పొద్దున్నే రాజమండ్రి నుంచి వస్తుంటే ఏమీ కనపడట్లేదు.”

నేను వెళ్ళి చూశాను. షెడ్డు కప్పు కింద, నీడలో, ఇంజను మీద నిలబడి చూశాను. ఎదురుగా గోడ, గోడకి ఆనించిన నిచ్చెన, నిచ్చెన మీద మసిగుడ్డ, అన్నీ కనిపించాయి. పెచ్చులు ఏవీ లేవు. గోటితో రాస్తే కొంచెం గరుగ్గా ఉంది. దీపాలకి వాడే ఆముదం కొద్దిగా గుడ్డకి అద్ది తుడిచాను. గరుకు పోయింది, అద్దం తళతళలాడింది.

“బాగానే ఉందండి అన్నగారూ,” అన్నాను.

వారం పది రోజుల్లో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నీడలోనే చూశాను, మళ్ళీ ఆముదం రాశాను. మూడోసారి వచ్చినప్పుడు పక్కన నలుగురు ఉన్నారు. నాకు సరదా పుట్టింది.

“అద్దానికి నేనున్నానండి. మీ కళ్ళే ఒకసారి డాక్టరు గారికి చూపించుకోండి,” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు కానీ, ముఖం చిన్నబోయింది. ఆ తరవాత అద్దం మాట నా దగ్గర ఎత్తలేదు.

ఇక్కడ మీకు పని సంగతి ఒకటి చెప్పాలి. పెచ్చు ఎవరికైనా కనిపిస్తుంది. బొగ్గు నుసి, కంకర నుసి తగిలి పడ్డ సన్న గుంటలు కనిపించవు. ఆవగింజలో పదో వంతు ఉండవు, వేలకి వేలు ఉంటాయి. నీడలో ఆ అద్దం నిక్షేపంలా ఉంటుంది. ఎదురెండ పడితే మాత్రం ప్రతి గుంటా ఒక్కో చిన్న దీపంలా వెలిగి, అద్దమంతా సున్నం కొట్టిన గోడ అయిపోతుంది. నూనె రాస్తే ఆ గుంటలన్నీ నూనెతో నిండి, అద్దం కొత్తదానిలా కనిపిస్తుంది. బాయిలరు వేడికి ఆ నూనె రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది. ఇవన్నీ ఇప్పుడు నీళ్ళు తాగినంత సులువుగా చెబుతున్నాను. అప్పుడు నాకు తెలియదు. సగం తెలిసి కూడా తెలుసుకోలేదు అంటే ఇంకా నిజం.

మార్చి నెలలో ఒక పొద్దున్న రాజమండ్రి నుంచి డ్రైవరుగారి ఖాళీ బండి వస్తోంది. సామర్లకోట ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా కాలవ వంతెన దగ్గర పట్టా తీసి దాని కింది కొయ్య దిమ్మలు మారుస్తున్నారు. నిబంధన ప్రకారం ఒక కూలీ ఎర్రజెండా పట్టుకుని చాలా ముందుకు వచ్చి దారి మధ్యలో నిలబడ్డాడు. బండి ఆగలేదు. అతను జెండా ఊపుతూనే ఉన్నాడు. పక్కకి దూకితే దూకగలిగేవాడే. వెనకాల పట్టా లేదు, పాతిక మంది వంగి పని చేస్తున్నారు, అందుకని దూకలేదని అందరూ అనుకున్నాం. ఆఖరి క్షణంలో డ్రైవరుగారు ఎర్రరంగు చూసి బ్రేకు వేశాడు. పట్టా తీసేసిన చోటికి ఇవతలే బండి ఆగింది. ఆ మనిషి మాత్రం చక్రాల కిందికి వెళ్ళిపోయాడు.

విచారణకి పెద్ద దొర వస్తాడని కబురు వచ్చింది. దొర వస్తున్నాడంటే మా షెడ్డులో ఇంజనుకి తలంటు పోసినంత పని. ఇత్తడికి చింతపండు, ఇనుముకి నూనె, అద్దానికి ఆముదం. మేస్త్రీగారు “ఇంజను పెళ్ళికొడుకులా ఉండాలిరా” అని చెప్పి వెళ్ళారు. అలవాటు చొప్పున అంతా మెరిపించాం. డ్రైవరుగారి వైపు అద్దానికి నేనే ఆముదం పట్టించాను. మెత్తటి గుడ్డతో రెండుసార్లు, చుట్టూ ఇత్తడి చట్రం కూడా. చేస్తుండగా చెయ్యి ఒక్కసారి ఆగిన మాట నిజం. ఆ రోజు పొద్దున ఆయన ఏం చూశాడో తెలియాలంటే ఈ అద్దాన్ని ముట్టుకోకూడదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. వెంటనే మరో ఆలోచన వచ్చింది, అద్దం చెడిపోయిందని తేలితే అడిగేది నన్నే కదా అని. ఆ రెండో ఆలోచనే నా చేత పని పూర్తి చేయించింది.

దొర మధ్యాహ్నం వచ్చాడు. ఆయన ఇంగ్లీషులో అడుగుతుంటే ఒక గుమస్తా తెలుగులో చెబుతున్నాడు. డ్రైవరుగారు చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు.

“ఎదురుగాలి అండి. తల బయటపెట్టి చూస్తుంటే కంట్లో నుసి పడిందండి. తల లోపలికి తీసుకుని అద్దంలోంచి చూశానండి. ఎండ పడి అంతా తెల్లగా ఉందండి. మళ్ళీ తల బయటపెట్టేదాకా జెండా కనపడలేదండి.”

బొగ్గు వేసేవాడిని అడిగారు. బొగ్గు వేస్తున్నాను, ఏమీ చూడలేదన్నాడు. డాక్టరు కాగితం చదివారు. డ్రైవరు కళ్ళకి ఏ లోపమూ లేదని అందులో ఉంది. నా సరదా మాటకి సమాధానం అలా దొరికింది. తరవాత దొర ఇంజను ఎక్కి, షెడ్డు చివర ఒక మనిషిని ఎర్రజెండాతో నిలబెట్టి, అద్దంలోంచి చూశాడు. దిగి, డ్రైవరుగారిని ఎక్కమన్నాడు.

ఆయన ఎక్కి అద్దం ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. అద్దంలోంచి చూసి, పక్కకి జరిగి చూసి, మళ్ళీ అద్దంలోంచి చూశాడు.

“జెండా కనిపిస్తోందా?” అని గుమస్తా కింద నుంచి అడిగాడు.

“కనిపిస్తోందండి,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. తన మీద తనకే అనుమానం వచ్చిన మనిషి గొంతు అది. అది నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

తరవాత నన్ను పిలిచారు.

“అద్దం గురించి ఈయన నీకు ఎప్పుడైనా చెప్పాడా?”

“చెప్పారండి. మూడుసార్లు చెప్పారండి.”

“నువ్వేం చేశావు?”

“చూశానండి. బాగానే ఉందండి.”

ఆముదం సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. నా వంతు అంతే, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అద్దం బాగుంది, కళ్ళు బాగున్నాయి. ఇక మిగిలింది మనిషే. నిలబడే కునుకు తీశాడని రాసి ఉద్యోగం తీసేశారు. ఆయన అన్నం గిన్నె, దుప్పటి తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. కాచుకుని కూర్చున్నవాళ్ళు అనవలసిన మాట అననే అన్నారు.

నెల తిరిగాక రాజమండ్రిలో ఆ ఇంజనుకే ఆవిరి కారుతోందని నన్ను పంపారు. సాయంత్రానికి బాగుచేసి, మర్నాడు పొద్దున్నే అదే ఇంజను మీద బయలుదేరాను. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఒక దొర. నేను ఆయన వెనకాల నిలబడ్డాను. ఊరు దాటి బండి తూర్పుకి తిరిగింది. సూర్యుడు చెట్ల మీదికి వచ్చాడు. అద్దం మీద ఎండ పడింది.

అద్దం లేదు. అక్కడ ఒక తెల్లటి పళ్ళెం ఉంది. పట్టాలు, పొలాలు, పొగగొట్టం, ఏదీ లేదు. చెయ్యి బయటపెట్టి గోటితో రాశాను. పిల్లి నాలుకలా ఉంది. దొరతో నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అద్దం బాగాలేదని చెప్పాను. ఆయన తల బయటే పెట్టుకుని నవ్వాడు. దాంట్లోంచి ఎవడు చూస్తాడన్నాడు. ఆయనకి ముందు నుంచీ తెలుసు. అద్దం బాగాలేదని ఆయన అంటే ఎవరూ కళ్ళు చూపించుకోమనరు, ఆయన అనవలసిన అవసరమూ రాలేదు. కాలవ వంతెన దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను.

షెడ్డుకి రాగానే సుత్తి తీసుకుని ఆ అద్దాన్ని ఒక్క దెబ్బ కొట్టాను. ముక్కలు గుడ్డలో కట్టి స్టోరుకి తీసుకెళ్తే గుమస్తా మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు. ఆ దెబ్బ డ్రైవరుగారు మొదటిసారి చెప్పినప్పుడే కొట్టి ఉంటే ఒక మనిషి బతికేవాడు, ఇంకొక మనిషి ఇంజను మీద ఉండేవాడు. ఈ లెక్క నేను ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాను.

మేస్త్రీగారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను బొగ్గు గుట్ట వెనక్కి తీసుకెళ్ళి మెల్లగా మాట్లాడారు.

“ఇప్పుడు నువ్వెళ్ళి చెబితే ఆయన ఉద్యోగం తిరిగి వస్తుందంటావా? దొరలు రాసిన కాగితం దొరలు చింపుకోరురా. నీ ఉద్యోగం పోతుంది, మెరిపించమన్నందుకు నాది పోతుంది. పోయినవాడు ఎలాగూ రాడు. పని చూసుకో.”

నేను తల ఊపాను. అయినా ఊరుకోలేక ఆ పై ఆదివారం కడియం దగ్గరున్న ఆయన ఊరు వెళ్ళాను. ఆయన అన్నగారింటి పాకలో గేదెలకి గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. మజ్జిగ ఇప్పించాడు. మజ్జిగ తాగాక చెప్పాను. ఎదురెండ, గుంటలు, ఆముదం, ఆ రోజు నా చెయ్యి ఆగడం, మళ్ళీ కదలడం, ఏదీ దాచలేదు. ఊరట పడతాడనుకున్నాను. కోపం వచ్చి నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాను.

ఆయన గడ్డి మోపు కింద పెట్టి దాని మీదే కూలబడ్డాడు.

“నేను నిద్రపోలేదా తమ్ముడూ?” అన్నాడు.

“లేదండి అన్నగారూ.”

“అందరూ అంటుంటే నిజమేననుకున్నానయ్యా. షెడ్డులో ఆ అద్దంలోంచి జెండా అంత ఎర్రగా కనపడితే నేనేమనుకోను? నాకే తెలియకుండా కన్ను మూతపడి ఉంటుందనుకున్నాను. అప్పటి నుంచీ రాత్రిళ్ళు పడుకోవాలంటేనే భయమేస్తోంది.” చేతికి అంటిన గడ్డి దులుపుకున్నాడు. “ఆ చచ్చిపోయినతని పెళ్ళాం దగ్గరికి వెళ్ళాను. నిద్రపోయాను తల్లీ, నీ మొగుణ్ణి నేనే చంపానని కాళ్ళ మీద పడ్డాను.”

నాకు ఏడుపు వచ్చింది, ఆయన ముందు ఏడవడానికి మొహం చెల్లలేదు.

“దొరకి చెప్పావా?” అని అడిగాడు.

“లేదండి.”

“చెబుతావా?”

నేను నేల చూశాను.

“మరి నాకెందుకు చెప్పావు?” అన్నాడు. గొంతు పెంచలేదు. “నా మీద నింద ఉందని ఊరంతటికీ తెలుసు. అది తీసేసేవాళ్ళకి నువ్వు చెప్పవు. నాకొక్కడికి చెప్పి నీ గుండె బరువు దించుకుంటావు. దొర దగ్గరికి నువ్వెలాగూ వెళ్ళవు. ఆవిడ దగ్గరికైనా వెళ్ళు. వెళ్ళి చెప్పు. ఇంక నా దగ్గరికి రాకు.”

తమ్ముడూ అనలేదు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటలవి. తరవాత ఆయన ఎన్నాళ్ళు బతికాడో, రాత్రిళ్ళు నిద్రపట్టిందో లేదో నాకు తెలియదు. కనుక్కోవడానికి ధైర్యం చాలలేదు.

ఆమె దగ్గరికి మాత్రం వెళ్ళాను. నాలుగు మైళ్ళు పట్టాల వెంబడే నడిచాను. మొగుడు పనిచేసిన ఆ పట్టా కూలీల గుంపులోనే ఆమె కంకర మోస్తోంది. గుంపు మేస్త్రీ చూపించాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. నెత్తి మీద తట్ట ఉంది. నేను షెడ్డు నుంచి వచ్చానంటే ఆగింది, తట్ట దించలేదు. బరువుతో నిలబెట్టి మాట్లాడుతున్నానన్న ధ్యాస కూడా లేకుండా నేను మొదటి నుంచీ చెప్పుకుపోయాను. డ్రైవరు నిద్రపోలేదు, అద్దం చెడిపోయింది, చెడిపోయిందని ఆయన మూడుసార్లు చెప్పాడు, నేను నూనె రాసి కప్పెట్టాను. ఆమె కదలకుండా విన్నది. మెడ మీది నరాలు బిగుసుకుని ఉన్నాయి.

“మొన్న ఆ డ్రైవరు బాబు వచ్చి నిద్దరోయానని చెప్పేడు,” అంది. “ఇయ్యాల నువ్వొచ్చి నూనె రాశానంటన్నావు. ఇంకా ఎవరన్నా రావాలా బాబూ?”

రావలసినవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. పగలని అద్దం మార్చని గుమస్తా, మెరిపించమన్న మేస్త్రీ, నీడలో నిలబడి చూసిన దొర. వాళ్ళని తీసుకురాగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

“ఇంకెవరూ లేరమ్మా,” అన్నాను.

సరేనని తల ఊపబోయి, నెత్తి మీద తట్ట ఉండటంతో ఊపలేక, అలాగే కంకర పోసే చోటికి వెళ్ళిపోయింది.